నలభై మూడు కబుర్లు, ఒక గొంతు

బయలుదేరడానికి తొమ్మిది రోజుల ముందు

పొద్దున్న లేచేసరికి గొంతులో గరగర. గుటక వేస్తే చిన్న ముల్లు గుచ్చుకున్నట్టుంది. సముద్రపు గాలి పడలేదనుకుని ఉప్పునీళ్లు పుక్కిలించి, సైకిలు పని చూసుకున్నాను. చైను విప్పి తుడిచి నూనె పట్టించాను. వెనక టైరు ఈ ఏడాది ఇంక ఆగదు, కొత్తది వేయించాలి.

మధ్యాహ్నం నుంచి కబుర్లు తీసుకున్నాను. ఆరుగురు వచ్చారు. సముద్రానికి అడ్డంగా గోడ కట్టే పనిలో రాళ్లు మోసేవాళ్లు నలుగురు, వంటశాల వాళ్లు ఇద్దరు. ఒక్కొక్కరూ ఎదురుగా కూర్చుని చెబుతారు, నేను తిరిగి చెబుతాను. ఒక్క మాట అటూ ఇటూ అయితే మళ్లీ మొదటి నుంచి. ఇప్పటికి ముప్పై ఎనిమిది అయ్యాయి.

మా పక్క షెడ్డులో గోడకున్న ఫోను మోగింది. మోగి మోగి అదే ఆగింది. కొత్తగా పనికొచ్చిన ఒకాయన లేవబోతే పక్కవాళ్లు కూర్చోబెట్టారు. అందులోంచి ఎవరి గొంతైనా వస్తుంది. పెళ్లాం గొంతు వస్తుంది, చచ్చిపోయిన తండ్రి గొంతు కూడా వస్తుంది. యంత్రం ఏ గొంతునైనా పలుకుతుంది, ఎవరి చేతిరాతనైనా రాస్తుంది. అందుకే మేం కబురుమనుషులం ఉన్నాం. తెలిసిన మనిషి సైకిలు దిగి, ఎదురుగా కూర్చుని చెబితేనే జనం నమ్ముతారు.

ఎనిమిది రోజుల ముందు

గొంతు అలాగే ఉంది. మిరియాల కషాయం తాగాను.

అసిరయ్య వచ్చాడు. గోడ మీద రాయి పేర్చే మేస్త్రి, యాభై ఏళ్లుంటాయి. తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉన్నాడు, ఒక్కసారి కూడా కబురు పంపలేదు. స్టూలు మీద కూర్చుని చేతులు చూసుకున్నాడు. లేచి బయటికి వెళ్లాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. కబురు నాలుగు వాక్యాలు. చెప్పడానికి టీ వేళ నుంచి భోజనాల వేళ దాకా పట్టింది.

ఎవరికన్నది రాయవచ్చు. దుగ్గివలసలో ఉన్న సన్నేసమ్మకి, అతని తమ్ముడి భార్య. ఏమిటన్నది ఈ పుస్తకంలో రాయకూడదు. ఏ కబురూ పేర్లతో రాయకూడదన్నది మా నియమం, నేను పెట్టిందే.

తిరిగి చెప్పాను. నా నోట వింటున్నంతసేపూ కళ్లు మూసుకున్నాడు. "సరిపోయిందమ్మా" అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "అక్కడ కూడా ఇలాగే చెప్తావు కదా" అన్నాడు. ఇలాగే చెబుతానన్నాను.

ఆరు రోజుల ముందు

జ్వరం. నిన్న మంచం దిగలేదు. కూర్మారావు శొంఠి, కరక్కాయ తెచ్చిచ్చాడు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటే నోరంతా వగరు, కాసేపు హాయిగా ఉంది.

కూర్మారావు గురించి రాయాలి. వయసు ముప్పై నాలుగు. నాకన్నా పన్నెండేళ్లు చిన్న. పంక్చరు ఆరు నిమిషాల్లో వేస్తాడు, ఎత్తు ఎక్కేటప్పుడు సీటు మీంచి లేవడు. కబురుమనిషి కావాలని మూడేళ్లుగా తిరుగుతున్నాడు. పరీక్షలో రెండుసార్లు నేనే తప్పించాను. మాటలు మింగేస్తాడు. పది వాక్యాల కబురు ఏడింట్లో చెప్పేసి, అర్థం అదే కదా అంటాడు.

సాయంత్రం నలభై మూడో కబురు తీసుకున్నాను. వంటశాల పెద్దావిడది. తిరిగి చెబుతుంటే సగంలో నా గొంతు చీలిపోయింది. గాలి వచ్చింది గాని మాట రాలేదు. ఆవిడ లేచి నా నుదురు మీద చెయ్యి వేసి, "కాలిపోతున్నావే పైడమ్మా" అంది.

ఐదు రోజుల ముందు

డాక్టరు హైమవతి దీపం పెట్టి గొంతు లోపల చాలాసేపు చూసింది.

"జ్వరం తగ్గుతుంది. గొంతు తీగలే బాగా వాచిపోయాయి. ఇరవై ఏళ్లుగా వాడుతున్నావు, ఒక్కరోజు సెలవిచ్చావా వాటికి?"

ఎన్నాళ్లు అని వేళ్లతో అడిగాను.

"మూడు వారాలు నోరు విప్పకూడదు. గుసగుసలు కూడా వద్దు, దానివల్ల ఇంకా ఎక్కువ దెబ్బ. ఈ వాపుతో ఊరూరా మాట్లాడుకుంటూ పోతే ఉన్న గొంతు శాశ్వతంగా పోతుంది. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు."

ప్రయాణం వాయిదా వేస్తే అని కూడా అడిగింది. తనకీ తెలుసు. వానలు పడితే రోడ్లు కోసుకుపోతాయి, నల్లగెడ్డ ఏరు పొంగుతుంది, ఊళ్లకి నాలుగు నెలలు నేరు దారి ఉండదు. నలభై మూడు మంది కబుర్లు నా కడుపులో మగ్గుతాయి. దారి పొడవునా ఇరవై ఆరు ఊళ్లలో జనం దారి చూస్తుంటారు, గోడ దగ్గరున్నవాళ్లు బతికున్నారో లేదో తెలియక.

షెడ్డుకి వచ్చి పలక తీశాను.

నాలుగు రోజుల ముందు

కూర్మారావుని పిలిచి పలక మీద రాశాను. 'నాతో రా. నువ్వు చెప్పు. నేను పక్కన కూర్చుంటాను.'

రెండుసార్లు చదివాడు. "రెండుసార్లు తప్పించింది నువ్వే కదప్పా" అన్నాడు. అక్కని మా వైపు అప్ప అంటాం. ఎత్తిపొడుపు కాదు. నిజంగా అర్థం కాక అడిగాడు.

'ఈసారి కూడా తప్పిస్తాను, మాట మింగితే' అని రాశాను. నవ్వాడు. వెంటనే వెళ్లి తన సైకిలు బ్రేకులు బిగించుకున్నాడు.

కబురు ఇచ్చినవాళ్లు ఒప్పుకుంటేనే ఇంకొకరికి చెప్పాలి. మళ్లీ వచ్చి కూర్మారావుకి చెప్పమని అందర్నీ అడగాలి. పలక పట్టుకుని గోడ పొడవునా తిరిగాను. మాట్లాడకుండా తిరగడం నాకు కొత్త. మామూలుగా నేను మాట్లాడుతూనే ఉంటాను. ఇవాళ అందరూ నాతో ఎక్కువ మాట్లాడారు. నోరు మూసుకున్న మనిషి కనబడితే జనం తమ గోడు చెప్పుకుంటారని తెలిసింది.

మూడు రోజుల ముందు

పొద్దున్న నుంచి కబుర్లు కూర్మారావు నోట్లోకి ఎక్కిస్తున్నాం. వాళ్లు చెబుతారు, అతను తిరిగి చెబుతాడు. మాట పోతే నేను బల్ల మీద వేలితో కొడతాను.

ఎవరిదో రాయను గాని, ఒక కబురులో ఇలా ఉంది: 'నేను బాగున్నాను. బాగానే ఉన్నాను.' కూర్మారావు ఒకసారే చెప్పాడు. బల్ల మీద కొట్టాను.

"రెండూ ఒకటే కదప్పా."

'మొదటిది ఆయనకి. రెండోది తనకి తను చెప్పుకుంటోంది' అని రాశాను.

కబురు చెప్పినావిడ తల వంచుకుంది. కూర్మారావు ఆవిడ వంక చూసి, మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి రెండూ చెప్పాడు, మధ్యలో ఆగి మరీ.

రెండు రోజుల ముందు

నలభై రెండు మంది ఒప్పుకున్నారు. అసిరయ్య ఒప్పుకోలేదు.

గోడ మీదే ఉన్నాడు, కెరటం తుంపర పడుతున్నా కదలకుండా రాయి సరిచేస్తున్నాడు. పలక చూపించాను. చదవడానికి కొంచెం టైము పట్టింది.

"లేదమ్మా. నీకు చెప్పడానికే తొమ్మిదేళ్లు పట్టింది. ఇంకో మనిషి మొహం చూసి చెప్పలేను." రాయి వైపు తిరిగి, "నీ గొంతు రాకపోతే ఒద్దులే. వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు.

పోయిన ఏడు ఈ గోడ మీద పదకొండు మంది కొట్టుకుపోయారు. వచ్చే ఏడు అన్నమాట ఇక్కడ ఎవరూ గట్టిగా అనరు. అతని ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. మిగిలిన వేళ్లతో ఇంకో రాయి దగ్గరికి లాక్కున్నాడు.

పలక తుడిచి రాశాను. 'నీది నేనే చెబుతాను.'

డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాను. దుగ్గివలసలో ఒక్క కబురు మాత్రం నేనే చెప్పాలని రాశాను. ఎంత పొడుగు అని అడిగితే నాలుగు వేళ్లు చూపించాను.

"నాలుగు నిమిషాలా?"

'నాలుగు వాక్యాలు.'

హైమవతి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. "దుగ్గివలస చివరి ఊరు కదా. అంటే పదిహేడో రోజు. అప్పటిదాకా ఒక్క మాట కూడా మాట్లాడకపోతే, చెప్పు. నోటితో గాలి పీల్చకు, ఎత్తు వస్తే దిగి నడు. దుమ్ములో తడిగుడ్డ కట్టుకో. రోజుకి రెండుసార్లు ఆవిరి పట్టు. చన్నీళ్లు ముట్టకు."

నీళ్లు మరిగించుకోవడానికి తన చిన్న గిన్నె ఇచ్చింది.

ప్రయాణం ఒకటో రోజు

జ్వరం లేదు. కాళ్లలో బలం కూడా లేదు. ముప్పై కిలోమీటర్లు పోవాల్సింది, పద్దెనిమిది దగ్గర ఆగాం. నేను దిగి నడిచినప్పుడల్లా కూర్మారావు కూడా దిగాడు. నువ్వు తొక్కు అని చెయ్యి ఊపితే, "నాకూ కాళ్లు లాగుతున్నాయప్పా" అన్నాడు. అబద్ధం.

ముక్కుతో గాలి పీలుస్తూ సైకిలు తొక్కడం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది.

నాలుగో రోజు

మొదటి పెద్ద ఊరు. తొమ్మిది కబుర్లు. నన్ను చూడగానే అరుగుల మీంచి జనం లేచి వచ్చారు. కూర్మారావు మాట్లాడటం మొదలుపెట్టగానే ఒక ముసలాయన అడ్డుపడ్డాడు.

"నువ్వెవరు బాబూ? పైడమ్మ చెప్పాలి గానీ."

కూర్మారావు నా వంక చూశాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేసి, అక్కడే కూర్చున్నాను. అతను చెప్పినంతసేపూ చెయ్యి తీయలేదు. ముసలాయన కాసేపు గొణిగి ఊరుకున్నాడు. తొమ్మిదీ సరిగ్గా చెప్పాడు.

గుటక వేస్తే నొప్పి తగ్గింది. ఆవిరిలో వాము వేశాను.

ఎనిమిదో రోజు

ఎండ మండిపోతోంది. రోడ్డు సగం ఇసుక. తడిగుడ్డ పది నిమిషాల్లో ఆరిపోతోంది.

ఇవాళ నాలుగు ఊళ్లు. చివరి ఊరు వచ్చేసరికి కూర్మారావుకి ఓపిక అయిపోయింది. ఒక తల్లికి కొడుకు పంపిన కబురులో చివరి రెండు మాటలు వదిలేశాడు. హ్యాండిల్ మీద బెల్లు కొట్టాను. వినిపించనట్టు, "అంతేనమ్మా" అని లేచాడు.

ఊరు దాటి పన్నెండు కిలోమీటర్లు వచ్చాక సైకిలు అడ్డం పెట్టాను.

"ఆవిడకి అర్థమైంది కదప్పా. వాడు బాగున్నాడు, దీపావళికి వస్తాడు. ఇంకేటి కావాలి? రెండు మాటలు. ఎండకి నా బుర్ర పని చెయ్యటం లేదు."

పలక చాలదు. ఈ పుస్తకంలోంచి ఒక కాయితం చింపి, చింతచెట్టు కింద కూర్చుని రాశాను. మా అమ్మ గురించి. ఇరవై ఒక్క ఏళ్ల కిందట అమ్మకి నా గొంతుతో ఫోను వచ్చింది, నేను ప్రమాదంలో ఉన్నానని, వెంటనే రమ్మని. అమ్మ మిట్టమధ్యాహ్నం పద్దెనిమిది కిలోమీటర్లు నడిచింది. వడదెబ్బ తగిలి దారిలోనే పడిపోయింది. పోయేముందు ఆస్పత్రిలో నాతో అంది, 'అనుమానం వచ్చిందే. నువ్వు ఎప్పుడూ చివర్లో ఉంటానమ్మా అంటావు, అది అనలేదు. అయినా వచ్చేశాను.' ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఉంటే బతికేది. చివరి రెండు మాటల్లోనే మనిషి ఉంటాడు.

చదివి కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సైకిలు తిప్పాడు. పన్నెండు కిలోమీటర్లు వెనక్కి పోయి ఆ రెండు మాటలు చెప్పి, మళ్లీ పన్నెండు వచ్చేసరికి సూర్యుడు కిందికి దిగాడు. మొహమంతా దుమ్ము.

"ఏడ్చిందప్పా" అన్నాడు. "ముందు చెప్పినప్పుడు ఏడవలేదు."

పన్నెండో రోజు

రాయడానికి మనసు ఒప్పడం లేదు.

గొంతులో నొప్పి పూర్తిగా పోయింది. నిన్నటి నుంచీ ఒక్కసారి పలికి చూసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. పళ్లు బిగపట్టి ఊరుకున్నాను.

మధ్యాహ్నం ఏటవాలు దారి. కూర్మారావు ముందు, నేను వెనక. మలుపు తిరిగాక రోడ్డు కింద కల్వర్టు కూలిపోయి ఉంది. పైన తారు పెచ్చు ఒక్కటే వేలాడుతోంది. వెనక మలుపులో ఎత్తు మీంచి వస్తున్న నాకు కింద ఖాళీ కనిపించింది, అతనికి కనిపించదు. బెల్లు కొట్టాను. గాలికి వినలేదు.

"ఆగూ" అని అరిచాను.

బ్రేకు వేసి పక్కకి పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. ముందు చక్రం ఖాళీకి జానెడు దూరంలో ఆగింది. లేచి, అది చూసి, నా వైపు చూశాడు. నేను గొంతు పట్టుకుని కూర్చుండిపోయాను. ఉమ్మితే నెత్తుటి చార.

"నాకోసం ఎందుకప్పా" అని మూడుసార్లు అన్నాడు. తడిగుడ్డ విప్పి అతని మోకాలికి కట్టాను.

పదిహేనో రోజు

నొప్పి మళ్లీ మొదటి రోజులాగే ఉంది. తేనె దొరికితే గోరువెచ్చటి నీళ్లలో కలుపుకున్నాను. ఇంకా రెండు రోజులు. ఊళ్లలో కబుర్లన్నీ కూర్మారావే చెబుతున్నాడు. ఇప్పుడు బల్ల కొట్టాల్సిన అవసరం రావడం లేదు. వాళ్లు మళ్లీ చెప్పమంటే విసుక్కోవడం లేదు.

ఒక్క కబురు మిగిలింది. ఆ నాలుగు వాక్యాలు మనసులో అనుకుంటూనే తొక్కుతున్నాను. లోపల నా గొంతు మామూలుగానే వినిపిస్తోంది.

పదహారో రోజు

నల్లగెడ్డ. కొండల మీద మబ్బు కమ్మింది, వాన మాత్రం ఇక్కడ లేదు. నీళ్లు మోకాళ్ల పైకి ఉన్నాయి, ఎర్రగా. ఏటవతల ఊరి వాళ్లు ఇద్దరు వచ్చి సైకిళ్లు భుజాన వేసుకుని దాటించారు.

కూర్మారావు ముందు దిగి నాకు చెయ్యి చాపాడు. నేను గట్టు మీదే నిలబడిపోయాను. అతనికి కారణం తెలియదు. నీళ్లంటే భయమనుకున్నాడు. "రా అప్పా, నేనున్నాను కదా" అన్నాడు.

పట్టుకున్నాను. మధ్యలో ఒకచోట కాలు కింద రాయి కదిలింది. అతని వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి. అవతలి గట్టు ఎక్కాక కూడా నేను వెంటనే వదల్లేకపోయాను.

పదిహేడో రోజు

దుగ్గివలస. ముప్పై గడపల ఊరు.

సన్నేసమ్మ వీధరుగు మీద కూర్చుని అడ్డాకులతో విస్తర్లు కుడుతోంది. ముప్పై అయిదు ఏళ్లుంటాయి. మనిషి సన్నగా, గట్టిగా ఉంది. మాకు మంచినీళ్లు ఇచ్చింది. నాది వేడి చేసుకుంటామని కూర్మారావు అంటే ఏమీ అడక్కుండా పొయ్యి చూపించింది.

కూర్మారావు చెప్పాడు. "అమ్మా, మా అప్పకి గొంతు బాగోలేదు. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. నీ కబురు మాత్రం తనే చెప్పాలి. నేను వినకూడదు, అలా గెడ్డ దాకా పోయి వస్తాను." వెళ్లిపోయాడు.

నేను గోరువెచ్చటి నీళ్లు రెండు గుక్కలు తాగాను. "అసిరయ్య కబురు" అన్నాను. అది నా గొంతు కాదు. ఎవరో కంకర మీద బండి లాగుతున్నట్టుంది. కాని మాట తెలిసింది.

ఆమె చేతిలో పుల్ల ఆగిపోయింది. ఆ పేరు విని మొహం గట్టిపడింది. చెప్పమన్నట్టు తలాడించింది.

చెప్పాను. రెండో వాక్యానికే నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దుఃఖంవల్ల కాదు, గొంతు నొప్పివల్ల. నాలుగూ చెప్పాను.

విన్నాక "మళ్లీ చెప్పు" అంది. మూడుసార్లు అడిగే హక్కు వినేవాళ్లకి ఉంది. మళ్లీ చెప్పాను. ఈసారి ప్రతి మాటకీ ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

"ఇంకోసారి."

మూడోసారి మూడు వాక్యాలు వచ్చాయి. నాలుగోదానికి పెదవులు కదిలాయి, మాట బయటికి రాలేదు. ఆమె ముందుకి వంగి నా పెదవులే చూస్తోంది. చూసి, ఆ చివరి మాటలు తనే పైకి అంది.

"నేనే వదిలేశాను."

లేచి వీధిలోకి వెళ్లింది. బడి షెడ్డులోంచి కూతురిని పిలుచుకొచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల, పేరు మంగ. తండ్రి పోయిన నెలకి పుట్టిందట. ఆ పిల్లని నిలబెట్టి, అరుగుల మీదున్న వాళ్లందరికీ వినబడేలా చెప్పింది.

"మీ నాన్న ఆ రోజు తాగలేదు. నాన్న పెదనాన్న చెయ్యి వదల్లేదు. మీ పెదనాన్నే వదిలేశాడు. తాగి గెడ్డలో దిగాడని ఇన్నేళ్లూ ఈ ఊరు అంది. నేనూ నమ్మాను. నమ్మి ఆయన్ని తిట్టుకున్నాను."

ఆమే అందరికీ చెప్పింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. అసిరయ్య కబురు ఇది: 'నేను అసిరయ్యని. ఆ రోజు తవిటయ్య తాగలేదు. వాడు నా చెయ్యి వదల్లేదు. నేనే వదిలేశాను.'

అరుగు మీద ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంగ తల్లి నడుము పట్టుకుని నిలబడింది. సన్నేసమ్మ అప్పుడు ఏడ్చింది.

కూర్మారావు పరుగున వచ్చాడు. "అప్పా, కొండల్లో వాన పడిపోయింది. గెడ్డ ఎక్కుతోంది. ఇప్పుడు దాటితేనే." అప్పుడు ఆమెని చూశాడు. గొంతు తగ్గించి, "అమ్మా, తిరుగు కబురు ఏదైనా ఉందా" అన్నాడు.

"ఉంది" అంది. "ఇంకా నోటికి రాలేదు."

అతను ఆకాశం చూశాడు. నన్ను చూడలేదు, అడగలేదు. క్యారియర్ మీద తాళ్లు విప్పి మా మూటలు రెండూ దించి, అరుగు మీద పెట్టాడు.

"వచ్చినప్పుడే చెప్పమ్మా. ఉంటాం" అన్నాడు.

ఇరవయ్యో రోజు

మూడు రోజులు ఉన్నాం. గెడ్డ పొంగింది. మా దారి మూసుకుపోయింది. కూర్మారావు విస్తర్లు కుట్టడం నేర్చుకున్నాడు. నేను ఆవిరి పట్టి పడుకున్నాను. నాకు ఒక్క మాట కూడా రావడం లేదు.

ఇవాళ పొద్దున్న సన్నేసమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి కబురు చెప్పింది. కూర్మారావు తిరిగి చెప్పాడు. ఒక్క మాట పోలేదు. నేను వేలు ఎత్తలేదు.

వంతెన మీదుగా చుట్టుదారిలో బయలుదేరాం.

గోడ దగ్గర, ముప్పై మూడో రోజు

డాక్టరు చూసింది. వాపు తగ్గింది గాని తీగ మీద మచ్చ పడిందట. మాట వస్తుంది, పాత గొంతు రాదు. దుగ్గివలస తర్వాత నిన్ననే మొదటిసారి మాట్లాడాను. కంచుచెంబు అడుగు గీకినట్టుంది. ఏడుస్తాననుకున్నాను, ఏడవలేదు. కబురుమనుషుల జాబితాలో కూర్మారావు పేరు నా చేత్తో రాశాను.

అసిరయ్య మమ్మల్ని దూరం నుంచే చూశాడు. పని ఆపి దిగి వచ్చాడు. తిరుగు కబురు కూర్మారావు చెప్పొచ్చు, అతనికి కంఠతా ఉంది. కాని, "నువ్వే చెప్పాలి అప్పా" అని తనే పక్కకి జరిగాడు.

కొత్త గొంతుతో చెప్పాను. రాసుకోమని అసిరయ్యే అన్నాడు కాబట్టి రాస్తున్నాను. 'ఆ మాట పైడమ్మ నోట విన్నాను. ఇంక నీ నోట వినాలి. మంగ కూడా వింటుంది. రా.'

"కోపంగా చెప్పిందా?"

"ఎలా చెప్పిందో అలాగే చెప్పాను."

రాళ్ల కుప్ప మీద కూర్చున్నాడు. సముద్రం వంక కాదు, అటు కొండల వైపు చూశాడు. కాసేపటికి తన షెడ్డుకి వెళ్లి ఒక సంచి తెచ్చుకున్నాడు. బట్టలు, గిన్నె, గొడుగు. వాన మొదలైంది.

"గెడ్డ పొంగింది. దాటలేవు" అన్నాను. "వంతెన మీదుగా పో. ఇరవై రోజుల నడక. దారిలో పదకొండు ఊళ్లు వస్తాయి."

"చెప్పమ్మా" అన్నాడు.

ఒక్కో ఊరు పేరు చెప్పాను. ఏ ఊళ్లో ఎడమకి తిరగాలో, ఎక్కడ రోడ్డు కోసుకుపోయిందో చెప్పాను. అతను తిరిగి చెప్పాడు. ఏడో ఊరు మరిచిపోయాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. రెండోసారి పదకొండూ సరిగ్గా చెప్పి, గొడుగు విప్పుకుని బయలుదేరాడు.